ఇంటికి ముందు ఇరుగు
ముంబయి మిల్లుల నేల మీద అమ్మకానికి ఉన్న ఒక ఇల్లు

ఇల్లు అమ్మినప్పుడు దస్తావేజులో నాలుగు హద్దులు రాయడం మన దేశంలో పాత ఆచారం. ఇస్లామీ ధర్మశాస్త్రంలో కూడా క్రయపత్రం రాసే పద్ధతి ఇదే. మన గ్రామాలలోని పాత దస్తావేజులు తీసి చూస్తే తూర్పున ఫలానావారి ఇల్లు, పడమర ఫలానావారి పెరడు, ఉత్తరాన బజారు, దక్షిణాన మసీదు గోడ అని ఉంటుంది. ఇల్లు ఎక్కడ ఉన్నదో చెప్పాలంటే ముందు పొరుగువారి పేర్లు చెప్పవలసి వచ్చేది. నేడు నగరంలో బహుళ అంతస్తుల భవనంలో ఫ్లాటు కొన్న సోదరులు తమ దస్తావేజును ఒకసారి తెరిచి చూడగలరు. రెండు మూడు దిక్కులకు ‘ఓపెన్ టు స్కై’ అని, మిగిలిన దిక్కుకు ‘కారిడార్’ అనో ‘లిఫ్టు’ అనో రాసి ఉంటుంది. ఖాళీ ఆకాశమూ, నడవా, లిఫ్టూ హద్దులయ్యాయి. మనుషుల పేర్లు మాయమయ్యాయి.

షాబాన్ మాసపు సెలవుల్లో మేము ముంబయి వెళ్ళినప్పుడు ఈ విషయం మా మనసులో బలంగా మెదిలింది. మా పూర్వ విద్యార్థి ఒకడు అక్కడ కంప్యూటరు ఉద్యోగంలో ఉన్నాడు. తల్లి, భార్య, ఇద్దరు పిల్లలతో నాగ్‌పాడా ప్రాంతంలో అద్దెకు ఉంటున్నాడు. శంషాబాదు వైపు ఉన్న తాతల నాటి భూమి అమ్ముడుపోయింది. అక్కచెల్లెళ్ళకు షరీఅత్ ప్రకారం రావలసిన వాటాలు ముందుగా చెల్లించి, తన వాటాతో ఒక ఇల్లు కొనుక్కోవాలని సంకల్పించాడు. తక్కువపడిన సొమ్మును బ్యాంకు వడ్డీ జోలికి పోకుండా బంధువుల వద్ద చేబదులుగా తీసుకోవడానికి మాట అయ్యింది. ఇల్లు లోయర్ పరేల్‌లో ఉన్నది. “హజ్రత్, మీరు కూడా ఒకసారి వచ్చి చూడండి” అని అతడు కోరాడు.

చూడటం గురించి మన ఫిఖహ్ గ్రంథాలలో ఒక ముచ్చటైన చర్చ ఉన్నది. చూడకుండా కొన్నవానికి, చూసిన తరువాత ఆ బేరాన్ని రద్దు చేసుకునే హక్కు హనఫీ ధర్మశాస్త్రంలో ఉన్నది. మరి ఇంటి విషయంలో ఎంత చూస్తే ‘చూసినట్లు’? పూర్వ ఇమాములు ముంగిలి చూస్తే చాలునన్నారు. ఇమామ్ జుఫర్ మాత్రం లోపలి గదులు కూడా చూడాలన్నారు. మన మదరసాలలో బోధించే ‘అల్ హిదాయా’ గ్రంథకర్త ఈ భేదానికి కారణం చెప్పారు. ఆ పూర్వకాలంలో ఒక ఊరి ఇళ్ళన్నీ ఇంచుమించు ఒకే తీరుగా ఉండేవి, కనుక ముంగిలి చూస్తే ఇల్లంతా తెలిసేది. తమ కాలంలో ఇళ్ళు వేరువేరు తీరులుగా మారాయి, కనుక లోపలికి వెళ్ళి చూడవలసిందే అన్నారు. కాలం మారితే చూడవలసిన మేర కూడా పెరుగుతుందన్నమాట. మన కాలంలో గదులు చూడటం కూడా చాలదు. ఇంటి కింద ఉన్న నేలను, ఇంటి చుట్టూ ఉన్న మనుషులను కూడా చూడాలి. లోయర్ పరేల్ మాకు ఆ పాఠం చెప్పింది.

గిర్నీల గ్రామం

ముంబయి సెంట్రల్‌లో లోకల్ రైలు ఎక్కితే మహాలక్ష్మి తరువాతి స్టేషను లోయర్ పరేల్. వంతెన దిగి బయటకు రాగానే రెండు ప్రపంచాలు ఒకదాని మీద ఒకటి కనిపిస్తాయి. కింద పాత రాతి గోడలు, ఇనుప గేట్లు, చాళ్ళ వసారాలలో ఆరవేసిన బట్టలు. పైన మెడ నొప్పి పుట్టేంత ఎత్తుగా అద్దాల భవనాలు. గేట్ల మీద మాత్రం ఇంకా మిల్లుల పేర్లే ఉన్నాయి. కమలా మిల్స్, తోడీ మిల్స్, మథురాదాస్ మిల్స్. లోపల నూలూ లేదు, మగ్గమూ లేదు. ప్రకటనల సంస్థలు, టెలివిజన్ కార్యాలయాలు, ఫొటో స్టూడియోలు, చిత్రకళా ప్రదర్శనశాలలు, కాఫీ హోటళ్ళు ఉన్నాయి. 1905 నాటి ఫీనిక్స్ మిల్లు నేడు పెద్ద అంగడి. దాని పొగగొట్టాన్ని మాత్రం కూల్చకుండా నిలిపారు. పొగ లేని ఆ గొట్టం కింద జనం ఫొటోలు దిగుతుంటారు.

ఈ ప్రాంతానికి మరాఠీలో ‘గిరణ్‌గావ్’ అని పేరు. గిర్నీల గ్రామం అని అర్థం. తెలంగాణలో పిండి పట్టించే చోటును మనం నేటికీ గిర్ని అనే అంటాము, కనుక ఈ మాట మనకు కొత్తది కాదు. 1854లో కావస్‌జీ నానాభాయ్ దావర్ అనే పార్సీ వర్తకుడు ముంబయిలో మొదటి నూలు మిల్లుకు పునాది వేశాడు. 1856లో తార్‌దేవ్‌లో అది నడవసాగింది. తరువాతి వంద సంవత్సరాలలో పరేల్, వర్లీ, లాల్‌బాగ్, భాయ్‌ఖలా ప్రాంతాలు పొగగొట్టాలతో నిండిపోయాయి. 1980 నాటికి అరవై దాకా మిల్లులలో సుమారు రెండున్నర లక్షల మంది పనిచేసేవారు. ‘భోంగా’ కూస్తే పాళీ మారేది. ఒక్కొక్క గదిలో పదిమందికి పైగా పురుషులు వంతులవారీగా నిద్రపోయేవారు. ఒకరు పనికి లేచి వెళితే ఆ చాప మీద మరొకరు వచ్చి పడుకునేవారు. వారికి అన్నం వండిపెట్టే ‘ఖానావళి’లను ఎక్కువగా స్త్రీలే నడిపేవారు. వడ్డీ వ్యాపారుల చేతిలో చిక్కిన ఆ స్త్రీల కోసం 1975లో ప్రేమా పురవ్ ‘అన్నపూర్ణ మహిళా మండల్’ను స్థాపించారు.

ఈ మిల్లులను నడిపిన చేతులలో మనవారి చేతులూ ఉన్నాయి. కొంకణ, సతారా ప్రాంతాల మరాఠీ రైతుబిడ్డల తోడుగా కరీంనగర్, నల్లగొండ, వరంగల్ ప్రాంతాల పద్మశాలీలు వచ్చారు. ఉత్తరప్రదేశ్ తూర్పు జిల్లాల నుండి వచ్చిన మోమిన్ నేతగాళ్ళు మదన్‌పురాలో స్థిరపడి, ఇళ్ళలో చేతిమగ్గాలూ మిల్లులలో నేతఖాతా పనీ చేశారు. మిల్లు కార్మికులు మగ్గాన్ని మరాఠీలో ‘సాచా’ అనేవారు. సిరిసిల్లలో నేటికీ మరమగ్గాన్ని ‘సాంచా’ అనే పిలుస్తారు. కూలికి పోయినవారు ఊరికి తెచ్చిన సంపదలో ఆ మాట కూడా ఒకటి.

గడచిన కాలమంతా మంచిదేనని చెప్పడం మా ఉద్దేశం కాదు. మిల్లులో అన్నిటికన్నా ఎక్కువ కూలి దొరికేది నేతఖాతాలో. ఆ ఖాతాలోకి అస్పృశ్యులుగా ఎంచబడినవారిని రానిచ్చేవారు కాదు. కారణం ఒక దారపు పోగు. నాడెలో కండె మార్చినప్పుడు పోగును దాని చిన్న రంధ్రం గుండా నోటితో పీల్చి లాగవలసి ఉండేది. వారు పీల్చిన నాడెను తాము ముట్టుకోమని సవర్ణ కార్మికులు పట్టుబట్టారు. 1928 నాటి మహా సమ్మె కాలంలో డాక్టర్ అంబేద్కర్ ఈ అన్యాయాన్ని బహిరంగంగా లేవనెత్తారు. యజమానికి ఎదురుగా ఒక్కటై నిలబడిన పేదలు తమలో తాము గీసుకున్న హద్దు అది. ఈ సంగతిని పాఠకులు గుర్తుంచుకోవాలి. మళ్ళీ దీని వద్దకు రావలసి ఉన్నది.

నేల చేతులు మారిన తీరు

1982 జనవరి 18న డాక్టర్ దత్తా సామంత్ నాయకత్వంలో మిల్లు కార్మికులు సమ్మెకు దిగారు. ఏడాది దాటినా పరిష్కారం రాలేదు. ఆ సమ్మెను ముగించినట్లు ఎవరూ ప్రకటించనే లేదు. లక్షకు పైగా కార్మికులు తిరిగి పనిలో చేరలేకపోయారు. 1983లో కేంద్ర ప్రభుత్వం 13 మిల్లుల నిర్వహణను తన చేతికి తీసుకున్నది. ఒకదాని తరువాత ఒకటిగా మిల్లులు మూతపడ్డాయి. నగరం నడిబొడ్డున దాదాపు 600 ఎకరాల నేల మిగిలింది.

ఆ నేలను ఏమి చేయాలి? 1991 నాటి నిబంధన ప్రకారం మిల్లు భూమిని అమ్మితే మూడింట ఒక వంతు ఉద్యానాలకూ ఆటస్థలాలకూ నగరపాలక సంస్థకు, మరొక వంతు సామాన్యుల ఇళ్ళకు, మిగిలిన వంతు యజమానికి చెందాలి. 2001లో ఈ నిబంధనను సవరించారు. మిల్లు కట్టడాలు నిలిచి ఉన్న నేలను మినహాయించి, ఖాళీగా ఉన్న భాగాన్ని మాత్రమే మూడు వంతులు చేస్తే చాలునన్నారు. మిల్లులలో ఎక్కువ నేల మీద కట్టడాలే ఉన్నాయి కనుక పంచవలసిన భాగం చిక్కిపోయింది. 2005లో బొంబాయి హైకోర్టు ప్రజల పక్షాన తీర్పు చెప్పింది. 2006 మార్చిలో సుప్రీంకోర్టు ఆ తీర్పును తోసిపుచ్చి సవరణను సమర్థించింది. చట్టరీత్యా ఈ భవనాల యాజమాన్యానికి ఇప్పుడు అడ్డేమీ లేదు. కొనేవాని సొమ్ము హలాల్ అయితే కొనుగోలూ ధర్మసమ్మతమే. మా విద్యార్థి అడిగినప్పుడు మేము ఇదే సమాధానం చెప్పాము.

అయితే చట్టం సమసిపోయిన చోట మనిషి బాధ్యత సమసిపోదు. కార్మికుల కోసం కట్టిన ఇళ్ళు 225 చదరపు అడుగులవి. వాటికోసం లక్షకు పైగా దరఖాస్తులు వచ్చాయి. 2012లో పెద్ద లాటరీ తీసి కొన్ని వేల ఇళ్ళు కేటాయించారు. మిగిలినవారు ఎదురుచూస్తూ ముసలివారయ్యారు. ఉద్యానాలకూ దారులకూ చోటు మిగలకపోవడం వల్ల ఏమైందో 2017 చెప్పింది. ఆ సంవత్సరం సెప్టెంబరు 29 ఉదయం, లోయర్ పరేల్ తరువాతి స్టేషనులో, మిల్లుల కాలం నాటి ఇరుకైన కాలివంతెన మీద కొత్త కార్యాలయాలకు పోయే జనం వానలో కిక్కిరిసి తొక్కిసలాట జరిగింది. 23 మంది మరణించారు. సరిగ్గా మూడు నెలల తరువాత, డిసెంబరు 29 అర్ధరాత్రి దాటాక, కమలా మిల్స్ ఆవరణలో మేడ మీది విందుశాల తగులబడి 14 మంది ప్రాణాలు కోల్పోయారు. అల్లాహ్ వారి కుటుంబాలకు సహనాన్ని ప్రసాదించుగాక.

ముప్పై ఒకటో అంతస్తు

మేము చూడబోయిన ఇల్లు ముప్పై ఒకటో అంతస్తులో ఉన్నది. రెండు పడకగదులు, తెరచి ఉన్న వంటగది, నేల నుండి కప్పు వరకు అద్దం. పడమర కిటికీలో గుర్రపు పందెాల మైదానం, దాని ఆవల సముద్రం, సముద్రంలో హాజీ అలీ దర్గా తెల్లగా కనిపించాయి. సుబ్హానల్లాహ్, చూపుకు కొరత లేదు. పిల్లలు అద్దానికి ముఖాలు ఆనించి నిలబడిపోయారు. బ్రోకరు చేతికిచ్చిన రంగుల పుస్తకంలో మిల్లుల కాలపు అందం గురించీ, కళాకారుల పరిసరం గురించీ, నడిచి వెళ్ళగలిగే దూరంలోని స్టూడియోల గురించీ రాసి ఉన్నది. మిల్లులో పనిచేసిన మనిషి బొమ్మ మాత్రం ఒక్కటీ లేదు.

దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) మదీనా బజారులో నడుస్తూ ఒక ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూసిన సంఘటన హదీసు గ్రంథాలలో ప్రసిద్ధం. పైన పొడిగా ఉన్న గింజలు లోపల తడిగా తగిలాయి. వాన వల్ల తడిసిందని అమ్మేవాడు చెప్పాడు. అయితే ఆ తడి గింజలను జనానికి కనబడేలా పైన ఉంచవలసిందని ప్రవక్త (స) మందలించి, మోసగించేవాడు తన వాడు కాడని హెచ్చరించారు. ఇల్లు కొనేవారు ఆ చేతిని ఆదర్శంగా తీసుకోవాలి. రంగుల పుస్తకం పైపొర. లోపల చేయి పెట్టి చూడవలసినవి వేరే ఉన్నాయి. ధర చెప్పిన వైశాల్యం కార్పెట్ ఏరియానా, గోడలూ నడవాలూ కలిపినదా? భవనానికి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఉన్నదా? పాత యజమాని సొసైటీకి బాకీ ఉన్నాడా? నెలనెలా నిర్వహణ రుసుము ఎంత? నిప్పంటుకుంటే దిగే మెట్లు ఖాళీగా ఉన్నాయా, సామానుతో నిండి ఉన్నాయా? మేము లిఫ్టు వదలి నాలుగు అంతస్తులు మెట్ల మీద దిగి చూశాము.

ముంబయిలో పురుషుని పేర కొంటే స్టాంపు రుసుము వందకు 6, స్త్రీ పేర కొంటే వందకు 5. రుసుము మిగులుతుందని భార్య పేర రాయించాలనుకునే సోదరులకు ఒక మాట చెప్పవలసి ఉన్నది. భార్యకు నిజంగా ఇచ్చి ఆమె పేర రాయిస్తే ఆ ఇల్లు ఆమెదే. రేపు దానిని అమ్మాలన్నా, ఉంచాలన్నా ఆమె ఇష్టమే చెల్లుతుంది. వారసత్వంలోనూ అది ఆమె ఆస్తిగానే లెక్కకు వస్తుంది. ఉద్దేశం ఒకటి, కాగితం మరొకటి అయితే బిడ్డల మధ్య తగాదాకు మనమే విత్తనం నాటినవారమవుతాము.

అన్నీ చూసిన తరువాత విద్యార్థి తల్లి బ్రోకరును అడిగిన ప్రశ్న ఒక్కటే. “ఎదురింట్లో ఎవరుంటారు?”

అతడు గర్వంగా నవ్వాడు. “ఎవరుంటే ఏమమ్మా! ఇక్కడ ఒకరి జోలికి ఒకరు రారు. మూడేళ్ళున్నా పక్కవారి ముఖం చూడనవసరం లేదు.”

అతడి దృష్టిలో అది ఇంటి ధర పెంచే గుణం. ఆ పెద్దావిడ లిఫ్టులో దిగుతూ కొడుకుతో, “రాత్రిపూట నాకేమైనా అయితే కోడలు ఏ తలుపు తట్టాలి బేటా?” అన్నది.

పక్క సాంచా

దిగివచ్చాక ఆమె అలసటగా ఉన్నదనడంతో ఎన్.ఎం. జోషీ మార్గంలో ఒక చాయ్ కొట్టు ముందు కూర్చున్నాము. ఆ దారిలోని బీడీడీ చాళ్ళు 1920లలో ప్రభుత్వం కట్టినవి. ఒక్కొక్క గది 160 చదరపు అడుగులు. వాటిని కూల్చి, అక్కడివారికి 500 చదరపు అడుగుల ఇళ్ళు ఇచ్చే పని ఇప్పుడు సాగుతున్నది. మా మాటలు విని పక్క బల్ల మీది వృద్ధుడు మావైపు తిరిగాడు.

“తెలుగోళ్ళా? ఏ ఊరు సాబ్ మీది?”

చెప్పాము. ఆయనది సిరిసిల్ల దిక్కు. తండ్రి వెంట చిన్ననాడే ముంబయికి వచ్చి, సమ్మె దాకా నేతఖాతాలో పనిచేశాడు. సమ్మె తరువాత కొన్నాళ్ళు భివండీలో, కొన్నాళ్ళు కూరగాయల బండితో గడిపాడు. మిల్లు ఇంటికి దరఖాస్తు పెట్టాడు, ఇంకా రాలేదు. ఇవన్నీ ఆయన ఫిర్యాదుగా చెప్పలేదు. మా టోపీ చూసి కాబోలు, తనంతట తానే మరొక సంగతి ఎత్తుకున్నాడు.

“మనిషికి రెండు సాంచాలు ఉంటుండె సాబ్. నా పక్క సాంచాల మీద మదన్‌పురా మోమిన్ ఉండేటోడు. రంజాన్ల రోజా ఇడిచే యాళ్లకు గాయన పక్కకు పోయి ఖర్జూర పండు తిని, నమాజు చేసుకొని వచ్చేది. గప్పటిదాంక గాయన రెండు, నాయి రెండు, నాలుగు సాంచాలు నేనే చూసేటోన్ని. గణపతి పండుగకు నాయి గాయన చూసేటోడు.”

“ఆ సమయంలో నేసిన గుడ్డ ఎవరి లెక్కలో పడేది పెద్దయ్యా?” అని అడిగాము. నేతఖాతాలో కూలి నేసిన గుడ్డను బట్టి ఉండేది కనుక ఈ ప్రశ్న.

ఆయన ఆశ్చర్యంగా చూశాడు. “ఎవల సాంచా మీదిది వాల్లకే. పక్కోని గుడ్డ నాకెందుకు సాబ్?”

విద్యార్థి తల్లి తన పక్కనున్న బిస్కెట్ల పొట్లం ఆయన వైపు జరిపింది. ఆయన ఒకటి తీసుకొని, మిగిలినవి పిల్లలకు ఇచ్చాడు.

రెండు రోజుల తరువాత బ్రోకరు ఫోను చేశాడు. యజమానికి అభ్యంతరం లేదట. కాని భవనపు సొసైటీవారు ఆ అంతస్తులలో అందరూ ‘ఒకే తీరు ఆహారం’ తీసుకునేవారని గుర్తుచేశారట. కనుక ‘మీకే ఇబ్బంది’ అని సలహా ఇచ్చాడు. ఆ మాటను కాగితం మీద రాసి ఇమ్మని విద్యార్థి కోరాడు. ఆ తరువాత బ్రోకరు ఫోను ఎత్తలేదు.

ఈ అనుభవం మన పాఠకులలో చాలామందికి కొత్తది కాదు. చట్టపు స్థితి తెలిసి ఉండటం మంచిది. అహ్మదాబాదులోని ఒక పార్సీ గృహనిర్మాణ సొసైటీ తమ మతస్థులకే సభ్యత్వమని పెట్టుకున్న నియమం 2005లో సుప్రీంకోర్టులో నిలిచింది. అటువంటి నియమం ఏదీ లేని సొసైటీ మాత్రం సరైన కారణం లేకుండా సభ్యత్వం నిరాకరించకూడదని మహారాష్ట్ర సహకార సంఘాల చట్టం 23వ సెక్షన్ చెబుతున్నది. నిరాకరిస్తే రిజిస్ట్రారుకు అప్పీలు చేసుకోవచ్చు. అందుకే ఇటువంటి నిరాకరణ కాగితం దాకా రాదు, ఫోనులోనే ముగిసిపోతుంది. దరఖాస్తును లిఖితపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోవడం ఈ స్థితిలో ఉన్న ప్రతి కుటుంబం చేయవలసిన మొదటి పని.

మన వాకిలి ముందు

ఇక్కడ ఆగిపోతే ఈ వ్యాసం ఒక ఫిర్యాదు మాత్రమే అవుతుంది. ఇస్లాం మనకు ఫిర్యాదు కన్నా ఎక్కువ నేర్పింది. అమ్మకంలో పొరుగువానికి ఉన్న హక్కును ‘షుఫ్‌ఆ’ అని ధర్మశాస్త్రం ఒక అధ్యాయంగా విస్తరించింది. ఆస్తిలో భాగస్వామి మొదట, దారిలోనూ నీటిలోనూ భాగస్వామి తరువాత, ఆనుకుని ఉన్న పొరుగువాడు ఆ తరువాత, ఆ ఇంటిని తామే కొనుక్కునే ప్రాధాన్యం కలిగి ఉంటారని హనఫీ విద్వాంసులు తీర్మానించారు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) ఇంట్లో మేకను కోసినప్పుడు, యూదుడైన మన పొరుగువానికి పంపారా అని ఆయన పదేపదే అడిగారని హదీసు గ్రంథాలలో ఉన్నది. పొరుగు హక్కుకు మతం అడ్డు కాదని దీనికన్నా స్పష్టంగా ఎలా చెప్పగలము?

అరబ్బీ సాహిత్యంలో ఒక ఇంటి అమ్మకం కథ ప్రసిద్ధం. అబూ జహ్మ్ అదవీ తన ఇంటిని లక్ష దిర్‌హమ్‌లకు బేరం పెట్టాడు. ధర కుదిరాక కొనేవారిని, మరి సయీద్ బిన్ ఆస్ పొరుగుకు ఎంత ఇస్తారని అడిగాడు. పొరుగును కూడా ఎవరైనా కొంటారా అని వారు విస్తుపోయారు. అయితే నా ఇల్లు నాకే ఉండనివ్వండి, నేను కనబడకపోతే ఎక్కడికి పోయాడని ఆరా తీసే పొరుగువాడిని, అడగకముందే నా అవసరం తీర్చే పొరుగువాడిని వదులుకోలేనన్నాడు. ఈ సంగతి సయీద్‌కు తెలిసి లక్ష దిర్‌హమ్‌లు ఆయనకు పంపించి ఇల్లు అమ్మవద్దని కోరాడు. ఆ బేరంలో గోడల ధర లక్ష, పొరుగు ధర మరొక లక్ష. ముప్పై ఒకటో అంతస్తు బ్రోకరు దృష్టిలో మాత్రం పొరుగు లేకపోవడానికే ధర.

ఇప్పుడు మన బస్తీలను చూద్దాము. మన చేతిలో అద్దెకిచ్చే గది ఉన్నప్పుడు మనము ఏమి అడుగుతున్నాము? వచ్చినవారి బిరాదరీ అడుగుతున్నాము. ఏ మస్లక్‌వారో, ఏ మసీదులో నమాజు చేస్తారో అడుగుతున్నాము. పారిశుద్ధ్య పని చేసేవారైతే గది ఖాళీ లేదంటున్నాము. భర్త లేని స్త్రీ పిల్లలతో వస్తే పెద్దవారిని తీసుకురమ్మంటున్నాము. అవతలి భవనం గేటు వద్ద మన పేరు విని మూసిన తలుపుకూ, మన వాకిలిలో మనము మూసే తలుపుకూ గడియ ఒకటే. నాడు నాడె పోగు వద్ద పేదలు పేదలను ఆపిన హద్దు కూడా ఇదే. అన్యాయం పొందినవాడు దానిని తన కిందివానికి అందించకుండా తన వద్దనే ఆపగలిగితే, అది అల్లాహ్ ప్రసన్నతకు తగిన పని.

మా విద్యార్థి ఇంకా ఇల్లు వెతుకుతూనే ఉన్నాడు. ఇప్పుడు చూసే ప్రతి చోటా తల్లిని ముందు పంపుతున్నాడు. ఆమె గదులు చూడకముందే ఎదురింటి తలుపు తట్టి సలాం చెప్పో, నమస్కారం చెప్పో, మంచినీళ్ళు అడిగి తాగుతున్నది. నీళ్ళు ఇచ్చిన తీరును బట్టి తమకు సగం తెలిసిపోతుందని ఆమె అభిప్రాయం.

అరబ్బులలో ఒక సామెత ఉన్నది: ఇంటికి ముందు ఇరుగు. దివ్య ఖుర్ఆన్‌లో ఫిరౌను భార్య హజ్రత్ ఆసియా చేసిన ప్రార్థనను వివరిస్తూ వ్యాఖ్యాతలు ఈ సామెతను గుర్తుచేశారు. రాజభవనంలో ఉన్న ఆ పుణ్యవతి స్వర్గంలో ఒక ఇంటిని వేడుకున్నది. అయితే ఆమె పదాల వరుసలో దైవసన్నిధి ముందు వచ్చింది, ఇల్లు తరువాత వచ్చింది. అల్లాహ్ మనకు మంచి ఇళ్ళను, అంతకు ముందు మంచి ఇరుగుపొరుగును ప్రసాదించుగాక. మనలను కూడా ఇతరులకు మంచి పొరుగువారిగా చేయుగాక. ఆమీన్.